వెబ్‌సైటు రూపకల్పన నిర్వహణ

వెబ్‌సైటు రూపకల్పన నిర్వహణ అనగా ఒక సంస్థకో, వ్యాపారానికో, కార్యాలయానికో కావలసిన వెబ్‌సైటును (జాలస్థలిని) అనుకున్న గడువులో, అనుకున్న ఖర్చులో తయారు చేయించి, ఆ తరువాత కూడా అది పనిచేస్తూ ఉండేలా చూసే పని. రంగులు, బొమ్మలు, అక్షరాల అమరిక ఇందులో కంటికి కనబడే భాగం. వెబ్‌సైటు ఎవరి కోసం, అందులో ఏమి ఉండాలి, ఆ పాఠ్యం ఎవరు రాయాలి, డొమైను పేరు ఎవరి పేరిట ఉండాలి, ఆరు నెలల తరువాత దానిని ఎవరు సరిచూడాలి అన్న నిర్ణయాలు కనబడని భాగం. వెబ్‌సైట్లలో తరచుగా కనిపించే లోపాలలో ఎక్కువ భాగం ఈ రెండవ భాగంలో పుట్టి మొదటి భాగంలో బయటపడతాయి.

ఈ వ్యాసంలోని ఉదాహరణలు చాలావరకు మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం పరిసరాలతో కూడిన పశ్చిమ ప్రకాశం ప్రాంతానికి సంబంధించినవి. పలకల పరిశ్రమకు పేరుపొందిన ఈ ప్రాంతంలో వెబ్‌సైటు అవసరం ముఖ్యంగా రెండు విధాలుగా ఉంటుంది. దూరదేశపు కొనుగోలుదారుకు సరుకు చూపవలసిన వర్తకుడు ఒకరు. స్థానికులకు సమాచారం అందించవలసిన కార్యాలయమో, దేవాలయమో, కళాశాలో మరొకటి. మొదటివారి పాఠకుడు ఆంగ్లం చదువుతాడు. రెండవవారి పాఠకుడు చేతిలోని ఫోనులో తెలుగు చదువుతాడు. ఒకే అచ్చు ఇద్దరికీ సరిపోదు.

నేపథ్యం

టిమ్ బెర్నర్స్-లీ సెర్న్ పరిశోధనా సంస్థలో రూపొందించిన మొట్టమొదటి వెబ్‌సైటు 1991లో లోకానికి అందుబాటులోకి వచ్చింది. తొలి సంవత్సరాలలో వెబ్‌సైటు ఒక వ్యక్తి పని. పాఠ్యం రాసేదీ, బొమ్మలు అతికించేదీ, సర్వరులో పెట్టేదీ ఒకరే. వాణిజ్య అవసరాలు పెరిగిన తరువాత రచయిత, రూపకర్త, ప్రోగ్రామరు, పరీక్షకుడు వేరువేరుగా ఏర్పడ్డారు. వారందరి పనిని జతపరిచే నిర్వాహకుని అవసరం అప్పుడే వచ్చింది.

ఈ నిర్వహణ పద్ధతులు సాఫ్ట్‌వేరు రంగం నుండి సంక్రమించినవి. ఒక దశ పూర్తిగా ముగిసిన తరువాతనే మరొక దశలోకి వెళ్ళే పద్ధతిని జలపాత పద్ధతి అంటారు. దీనికి మూలంగా చెప్పబడే 1970 నాటి వ్యాసంలో విన్‌స్టన్ రాయిస్ ఆ పద్ధతిని ఉన్నది ఉన్నట్లుగా పాటిస్తే ప్రమాదమని హెచ్చరించాడు. చదివినవారు మాత్రం బొమ్మను తీసుకొని హెచ్చరికను వదిలేశారు. 1975లో వెలువడిన ఒక పుస్తకంలో ఫ్రెడ్ బ్రూక్స్, ఆలస్యమైన పనికి మరింతమందిని చేర్చితే అది ఇంకా ఆలస్యమవుతుందని వివరించాడు. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో సమావేశమైన 17 మంది నిపుణులు ఎజైల్ ప్రకటన వెలువరించారు. చిన్న చిన్న భాగాలుగా తయారుచేసి, ప్రతి భాగాన్నీ వాడేవారికి చూపి, వారి అభిప్రాయాన్ని బట్టి ముందుకు పోవడం దాని సారాంశం. రూపకల్పన లోపాల జాబితాలు వేయడం కూడా కొత్తది కాదు. డెన్మార్కుకు చెందిన యాకబ్ నీల్సన్ 1996లోనే వెబ్ రూపకల్పనలో పది పెద్ద తప్పుల జాబితాను ప్రచురించాడు.

పాఠకుని గుర్తించడం: పలకల వర్తకం ఉదాహరణ

మార్కాపురం పరిసరాలలో లభించే పలకరాయి నుండి ఒకప్పుడు బడిపిల్లల రాతపలకలు విస్తారంగా తయారయ్యేవి. నోటుపుస్తకాల వాడకం పెరిగి, ప్లాస్టిక్ పలకలు వచ్చిన తరువాత ఆ గిరాకీ తగ్గింది. నేలకు, గోడలకు, పైకప్పుకు వాడే పలకరాయి బిళ్ళలు ముఖ్యమైన సరుకు అయ్యాయి. అవి విదేశాలకు కూడా ఎగుమతి అవుతున్నాయి. ఇటువంటి వ్యాపారి వెబ్‌సైటు తయారు చేయించుకోవాలనుకున్నప్పుడు సాధారణంగా మొదట ముఖపుట ఎలా ఉండాలన్న చర్చ జరుగుతుంది. నిజానికి తేల్చవలసిన మొదటి విషయం 'పలక' అన్న ఒకే మాట కింద ఎన్ని సరుకులు ఉన్నాయన్నది.

అంతర్జాతీయ వాణిజ్యంలో సరుకులను వర్గీకరించే పద్ధతి (హెచ్.ఎస్. సంకేతాలు) ప్రకారం ముడి పలకరాయి 2514 కిందకు, చెక్కి తయారుచేసిన పలకరాయి వస్తువులు 6803 కిందకు, రాసుకునే పలకలు 9610 కిందకు వస్తాయి. కొనేవారు కూడా మూడు రకాలు. ముడిరాయి కొనేవాడు పరిమాణం, ధర అడుగుతాడు. ఇల్లు కట్టేవాడు రంగు, మందం, ఉపరితలం గరుకుగా ఉంటుందా నునుపుగా ఉంటుందా అని చూస్తాడు. బడికి పలకలు కొనేవాడు చెక్క చట్రం గట్టిదనాన్ని, ఒక పెట్టెలో ఎన్ని వస్తాయన్నదాన్ని చూస్తాడు. ఈ ముగ్గురినీ ఒకే 'మా ఉత్పత్తులు' పుటలోకి పంపిన వెబ్‌సైటు ఎంత అందంగా ఉన్నా ఎవరికీ సమాధానం చెప్పదు. అలాగే ఆంగ్లంలో పలకను సూచించే మాటను నేడు తాకుతెర గల కంప్యూటర్లకు కూడా వాడుతున్నారు. అందువలన పుట శీర్షికలో ఆ ఒక్క మాట ఉంచితే చాలదు. రాయి అనో, నేలబిళ్ళ అనో, రాతపలక అనో స్పష్టంగా ఉండాలి.

రాయి అమ్మేవారికి ఛాయాచిత్రాలే సగం వెబ్‌సైటు. పలకరాయి పొడిగా ఉన్నప్పుడు ఒక రంగు, తడిసినప్పుడు మరొక రంగు కనిపిస్తుంది. పగటి వెలుతురులో, రెండు స్థితులలోనూ, పక్కన కొలబద్ద ఉంచి తీసిన చిత్రం కొనుగోలుదారుకు పనికివస్తుంది. అంతర్జాలంలో దొరికిన ఎవరిదో విలాసవంతమైన స్నానాలగది చిత్రాన్ని తెచ్చి పెట్టడం పెద్ద తప్పు. ఆ రాయి తమది కాదు, ఆ చిత్రంపై హక్కు తమది కాదు, సరుకు చేరిన తరువాత రంగు కలవలేదన్న తగవు మాత్రం తమది అవుతుంది. చిత్రాలు తీయడానికి రూపకర్తకు ఇచ్చే గడువు కంటే ముందే ఒక వారం కేటాయించడం నిర్వాహకుని పని.

ఊరి పేర్లు, జిల్లా సరిహద్దులు

స్థానిక సమాచారం ఇచ్చే వెబ్‌సైట్లలో ఊరి పేర్లే పెద్ద చిక్కు. మార్కాపురాన్ని మార్కాపూర్ అని కూడా రాస్తారు. గుంటూరు - నంద్యాల రైలు మార్గంలోని స్టేషను పేరు మార్కాపూర్ రోడ్డు. యర్రగొండపాలెం, ఎర్రగొండపాలెం రెండూ వాడుకలో ఉన్నాయి. కంభం విషయం మరింత విచిత్రం. విజయనగర కాలపు పెద్ద చెరువు గల ఈ పట్టణం పేరును ఆంగ్లంలో ఎలా రాస్తారో, తమిళనాడులోని తేని జిల్లాకు చెందిన కంబం పట్టణం పేరును కూడా అలాగే రాస్తారు. అంతర్జాతీయ నీటిపారుదల, మురుగునీటి పారుదల సంఘం 2020లో కంభం చెరువును వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తించింది. దాని గురించి వెతికేవారు తమిళనాడు ద్రాక్షతోటల పుటకు చేరడం అసాధ్యమేమీ కాదు. కాబట్టి ప్రతి ఊరికీ ఒక ప్రామాణిక రూపం నిర్ణయించి, మిగిలిన రూపాలతో వెతికినా అదే పుట వచ్చేలా ముందుగానే ఒక పట్టిక తయారు చేసుకోవాలి. ఈ పట్టిక తయారీకి ప్రోగ్రామరు అవసరం లేదు, ఊరి సంగతి తెలిసిన మనిషి కావాలి.

జిల్లా పేరు కూడా స్థిరమైనది కాదు. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు పూర్వం కర్నూలు జిల్లాలో ఉండేవి. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరాయి. 1972లో ఆ జిల్లాకు టంగుటూరి ప్రకాశం పేరు పెట్టారు. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్వ్యవస్థీకరణలో కందుకూరు నెల్లూరు జిల్లాలోకి, చీరాల, అద్దంకి బాపట్ల జిల్లాలోకి వెళ్ళాయి. 2025 చివరలో మార్కాపురం కేంద్రంగా వేరే జిల్లా ఏర్పాటుకు రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయం తీసుకున్నది. ఇటువంటి ప్రతి మార్పుతో చిరునామాలు, కార్యాలయాల పేర్లు, పటాలు, దరఖాస్తు ఫారాల్లోని జిల్లాల వరుస అన్నీ మారాలి. జిల్లా పేరును ప్రతి పుటలో చేతితో రాసిన వెబ్‌సైటులో కొన్నిచోట్ల పాతపేరు మిగిలిపోతుంది. దానిని ఒకేచోట ఉంచి, మిగిలిన పుటలన్నీ అక్కడి నుండి తీసుకునేలా అమర్చిన వెబ్‌సైటులో ఒక్క మార్పుతో పని పూర్తవుతుంది. బొమ్మలోనే జిల్లా పేరు చెక్కించినవారికి రెండవ అవకాశం కూడా ఉండదు.

పుటల చిరునామాలు మారినప్పుడు పాత లంకె నొక్కినవారిని కొత్త పుటకు మళ్ళించే ఏర్పాటు తప్పనిసరి. పత్రికలలో, పాఠ్యపుస్తకాలలో, విజ్ఞాన సర్వస్వాలలో ఇచ్చిన లంకెలు మనం సరిచేయలేనివి.

తెలుగు పాఠ్యం

తెలుగు వెబ్‌సైట్ల చరిత్రలో అన్నిటికంటే పెద్ద రూపకల్పన తప్పు ఖతులకు (ఫాంట్లకు) సంబంధించినది. 1991లో వెలువడిన యూనికోడు మొదటి సంచికలోనే తెలుగు లిపికి 128 స్థానాలు కేటాయించబడ్డాయి. అయితే అప్పటి కంప్యూటర్లు ఆ లిపిని సరిగా చూపలేకపోయేవి. అందువలన 1990ల చివర, 2000ల తొలినాళ్ళలో వార్తాపత్రికల వెబ్‌సైట్లు సొంత ఖతులను ఆశ్రయించాయి. ఈ ఖతులలో ఆంగ్లాక్షరాల స్థానాలలో తెలుగు అక్షరాల ముక్కలు ఉండేవి. ఖతి ఉన్న కంప్యూటరులో తెలుగు కనిపించేది. లేనిచోట అర్థంలేని ఆంగ్లాక్షరాలు కనిపించేవి. ఒక పత్రిక ఖతిలో 'క' ఉన్న స్థానంలో మరొక పత్రిక ఖతిలో ఇంకేదో ఉండేది. ఖతిని పుటతోపాటే పంపే చలన ఖతుల పద్ధతి వచ్చినా అది కొన్ని బ్రౌజర్లకే పరిమితమయింది.

ఆ రోజులలో ఇది తెలివైన ఉపాయంగానే కనిపించింది, పుట తెరపై బాగానే ఉండేది కూడా. నష్టం వేరేచోట జరిగింది. శోధన యంత్రాలకు ఆ పాఠ్యం తెలుగుగా తెలియలేదు. నకలు చేసి మరొకచోట అతికిస్తే అక్షరాలు చెదిరిపోయేవి. ఖతి మాయమైనప్పుడు పాఠ్యం కూడా మాయమైనట్లే అయింది. సంవత్సరాల తరబడి వెలువడిన వార్తలు, కథలు, వ్యాసాలు నేడు వెతికినా దొరకని స్థితికి ఇది ఒక కారణం. ఈ పాఠ్యాన్ని యూనికోడులోకి మార్చి చూపేందుకు నాగార్జున వెన్న 'పద్మ' అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింతను తయారుచేశారు. గౌతమి ఖతితో కూడిన విండోస్ ఎక్స్‌పీ, తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన 2000, వేమన 2000 ఖతులు, వీవెన్ తయారుచేసిన లేఖిని ఉపకరణం యూనికోడు తెలుగు వ్యాప్తికి తోడ్పడ్డాయి. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా యూనికోడులోనే రాయబడింది.

నేటికీ ఈ తప్పు రెండు వేషాలలో కొనసాగుతున్నది. ముద్రణాలయంలో అను వంటి ఖతులతో తయారైన పాఠ్యాన్ని తెచ్చి వెబ్‌సైటులో పెట్టమనడం ఒకటి. అది యూనికోడులోకి మార్చి, దిద్ది, అప్పుడు పెట్టవలసినది. మార్పిడి ఉపకరణాలు వత్తుల దగ్గర, సున్నాల దగ్గర పొరపాట్లు చేస్తాయి కనుక దిద్దుబాటుకు ప్రత్యేకంగా సమయం ఉండాలి. తెలుగు ప్రకటనను బొమ్మగా లేదా స్కాను చేసిన కాగితంగా పెట్టడం రెండవది. దానిని శోధన యంత్రం వెతకలేదు, చూపులేనివారు వాడే తెర చదువరి సాధనాలు చదవలేవు. ఎన్.వి.డి.ఎ. వంటి ఉచిత తెర చదువరితో తెలుగు యూనికోడు పాఠ్యాన్ని వినవచ్చు. బొమ్మలోని తెలుగు దానికి ఖాళీ కాగితమే.

తెలుగు లిపి స్వభావం తెలియక జరిగే చిన్న తప్పులు ఎన్నో ఉన్నాయి. 'మార్కాపురం' కంటికి 4 అక్షరాలు. యూనికోడులో అది 10 సంకేతాలు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్కటి 3 బైట్ల చొప్పున 30 బైట్లు. అదే మాట పుట చిరునామాలో శాతం గుర్తులతో మారినప్పుడు 90 గుర్తులవుతుంది. పేరు గడికి 20 బైట్ల హద్దు పెట్టినచోట మార్కాపురం మధ్యలోనే తెగిపోతుంది. డేటాబేసు అమరికలో తెలుగును పట్టించుకోకపోతే అక్షరాలకు బదులు ప్రశ్నార్థకాలు వస్తాయి. మై ఎస్‌క్యూఎల్ 2018లో వెలువడిన 8.0 సంచిక వరకు అప్రమేయంగా లాటిన్ అక్షరాల అమరికనే వాడేది; పాత సర్వర్లలో ఈ ఇబ్బంది ఇంకా ఎదురవుతుంది.

రూపకర్తలు సాధారణంగా అర్థంలేని లాటిన్ పాఠ్యం నింపి నమూనా చూపుతారు. ఆ నమూనాను యజమాని ఆమోదించిన తరువాత తెలుగు పాఠ్యం పోయగానే కొలతలన్నీ తప్పుతాయి. తెలుగులో గుడులు, తలకట్లు పైకి, వత్తులు కిందికి విస్తరిస్తాయి. లాటిన్ లిపికి సరిపోయే వరుసల ఎడంలో పై వరుస వత్తులు కింది వరుస గుడులను తాకుతాయి. ఎత్తు బిగించిన బొత్తాలలో వత్తులు కోసుకుపోతాయి. వరుస ఎత్తు అక్షర పరిమాణానికి ఒకటిన్నర రెట్లకు తగ్గకుండా ఉంచడం మంచిది. ఒకే కొలతలో తెలుగు అక్షరాలు లాటిన్ కంటే చిన్నవిగా కనిపిస్తాయి కనుక పరిమాణం కొంత పెంచాలి. వాలు అక్షరాలు తెలుగు ముద్రణ సంప్రదాయంలో లేవు, కంప్యూటరు బలవంతాన వాల్చిన అక్షరాలు చదవడానికి ఇబ్బంది. మండలి, రామభద్ర, సూరన్న, ఎన్టీఆర్ మొదలైన స్వేచ్ఛా ఖతులు నేడు అందుబాటులో ఉన్నాయి. ఇవన్నీ శీర్షికలకూ పాఠ్యానికీ సమానంగా పనికిరావు. రామభద్ర శీర్షికకు నప్పుతుంది, పేజీ నిండా ఉంటే బరువవుతుంది. తెలుగు ఖతి దస్త్రం లాటిన్ ఖతి కంటే పలురెట్లు పెద్దది కావడం వలన ఒక పుటలో రెండు ఖతులకు మించి వాడకపోవడం మేలు.

ఒప్పందం, బాధ్యతలు

చిన్న పట్టణాలలో వెబ్‌సైటు పని ఎక్కువగా నోటిమాటపై జరుగుతుంది. పరిచయస్తుడైన కుర్రవాడు, బంధువుల అబ్బాయి, నగరంలోని ఒక చిన్న సంస్థ ఎవరో ఒకరు చేసిపెడతారు. చెడిన సందర్భాలలో తగవు రూపురేఖల గురించి ఉండదు, తాళాల గురించి ఉంటుంది. డొమైను పేరును తయారుచేసినవాడు తన పేరిట, తన ఈమెయిలుతో నమోదు చేసి ఉంటాడు. అతను ఊరు మారినా, వృత్తి మారినా, గొడవపడినా, వ్యాపారి చిరునామా అతనితో వెళ్ళిపోతుంది. గడువు తీరిన డొమైను పేరును ఇతరులు దక్కించుకొని దానిపై జూదం ప్రకటనలు పెట్టుకోవడం ప్రపంచమంతటా జరుగుతున్నది. అప్పటికి ఆ చిరునామా దుకాణం బోర్డుపైన, బిల్లు పుస్తకాలపైన, సరుకు పెట్టెలపైన ముద్రించబడి ఉంటుంది. అందువలన డొమైను పేరు యజమాని పేరిట, యజమాని ఈమెయిలుతో, యజమాని చెల్లింపుతో నమోదు కావడం ఒప్పందంలో మొదటి షరతుగా ఉండాలి. సర్వరు ఖాతా, సంకేతపదాలు, ఛాయాచిత్రాల అసలు దస్త్రాలు కూడా అప్పగింత జాబితాలో చేర్చాలి.

రెండవ విషయం పని పరిధి. ఎన్ని పుటలు, ఏయే భాషలలో, ఎన్నిసార్లు మార్పులు, పాఠ్యం ఎవరు ఏ తేదీకి ఇస్తారు అన్నవి కాగితంపై ఉండాలి. తెలుగులో 'పనిలో పని' అన్న పలుకుబడి వెబ్‌సైటు గడువులకు గొడ్డలిపెట్టు. పనిలో పనిగా ఆన్‌లైను చెల్లింపు, పనిలో పనిగా ఫోను యాప్, పనిలో పనిగా అధ్యక్షుని సందేశం చేరుతూ పోతే మొదట అనుకున్న సరుకుల పుట చివరికి మిగిలిపోతుంది. కొత్త కోరికను నిరాకరించనక్కరలేదు. దానికి ఎన్ని రోజులు, ఎంత ఖర్చు అన్నది రాసి, ఇరుపక్షాలూ ఒప్పుకొన్న తరువాత చేర్చాలి.

ఆలస్యానికి అతి సాధారణ కారణం పాఠ్యం అందకపోవడం. రూపకర్త రెండు వారాలలో తన పని ముగిస్తాడు. 'మా గురించి' అన్న పుటకు నాలుగు వాక్యాలు రాయడానికి యజమానికి రెండు నెలలు పడుతుంది. దేవస్థానమైతే సేవల వేళలు, కళాశాలయితే రుసుముల పట్టిక, వర్తకుడయితే కొలతల పట్టిక సిద్ధమైన తరువాతనే రూపకల్పన మొదలుపెట్టడం గడువు నిలబెట్టుకునే సులభమార్గం.

పదిమందిలో పాము చావదని సామెత. సంఘాలు, సమితులు చేయించే వెబ్‌సైట్లలో ప్రతి సభ్యుడూ రంగు గురించి అభిప్రాయం చెబుతాడు. ఆమోదం ఎవరిదో తెలియదు. తుది మాట చెప్పే ఒక్క వ్యక్తిని పని మొదలు కాకముందే నియమించుకోవాలి.

ప్రభుత్వ వెబ్‌సైట్లు

ప్రభుత్వ కార్యాలయాల విషయంలో వెబ్‌సైటు చట్టంతో కూడా ముడిపడి ఉన్నది. సమాచార హక్కు చట్టం, 2005లోని 4వ సెక్షను కార్యాలయాలు తమంత తామే 17 రకాల సమాచారాన్ని ప్రకటించాలని నిర్దేశిస్తుంది. ప్రచారంలో స్థానిక భాషను దృష్టిలో ఉంచుకోవాలని కూడా చెబుతుంది. భారత ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు మొదట 2009లో వెలువడ్డాయి; వాటి 3.0 సంచిక 2023లో వచ్చింది. జాతీయ సమాచార విజ్ఞాన కేంద్రం (ఎన్.ఐ.సి.) రూపొందించిన ఎస్3వాస్ అనే ఉమ్మడి అచ్చులో జిల్లాల వెబ్‌సైట్లు తయారవుతున్నాయి. ఉమ్మడి అచ్చు వలన ఒక జిల్లా వెబ్‌సైటు వాడిన పౌరుడు మరొక జిల్లాలో దారి తప్పడు, భద్రత ఒకేచోట చూసుకోవచ్చు. అయితే అచ్చు ఖాళీ గదులను మాత్రమే ఇస్తుంది. గదిలో ఉంచవలసిన సమాచారం, దాని తెలుగు అనువాదం, తాజాకరణ స్థానిక అధికారుల శ్రద్ధపై ఆధారపడి ఉంటాయి. ఆంగ్ల పుట తాజాగా ఉండి తెలుగు పుట పాతబడితే, తెలుగు పుట లేకపోవడం కంటే అది ఎక్కువ హాని చేస్తుంది. లేని సమాచారం కోసం మనిషి కార్యాలయానికి ఫోను చేస్తాడు, తప్పు సమాచారాన్ని నమ్మి గిద్దలూరు నుండి బస్సెక్కుతాడు.

అన్ని సేవలకూ వెబ్‌సైటే దారి కాదన్నది కూడా నిర్వాహకుడు గుర్తించవలసిన విషయం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2011లో మీసేవ కేంద్రాలను, 2025 జనవరిలో వాట్సాప్ ద్వారా సేవలందించే మన మిత్రను ప్రారంభించింది. పౌరుడు ఇప్పటికే వాడుతున్న సాధనం వద్దకు సేవను తీసుకువెళ్ళడం వీటి ఉద్దేశం.

తరచుగా కనిపించే ఇతర లోపాలు

2000లలో కదిలే అక్షరాలు, సందర్శకుల లెక్క చూపే పట్టీ, పుట తెరవగానే మొదలయ్యే సుప్రభాతం వెబ్‌సైటుకు అలంకారాలుగా భావించబడేవి. ఫ్లాష్‌తో చేసిన ముఖపుటలు ఆ కాలానికే చెందినవి. అడోబీ సంస్థ 2020 డిసెంబరు 31తో ఫ్లాష్‌కు మద్దతు ఆపివేయడంతో అటువంటి పుటలన్నీ ఒక్కసారిగా ఖాళీ పెట్టెలయ్యాయి. ఒకే కంపెనీ ఉపకరణంపై పూర్తిగా ఆధారపడిన వెబ్‌సైటు ఆ కంపెనీ నిర్ణయంతోనే ముగుస్తుంది. ఉచిత స్థలం ఇచ్చిన జియోసిటీస్ 2009 అక్టోబరులో మూతపడినప్పుడు కూడా ఇదే జరిగింది; ముందుగా నకలు తీసుకోనివారి పుటలు పోయాయి.

లేత బూడిదరంగు అక్షరాలను తెల్లని నేపథ్యంపై వాడడం నేటి అలవాటు. వెబ్ సౌలభ్య మార్గదర్శకాల ప్రకారం సాధారణ పాఠ్యానికి, నేపథ్యానికి మధ్య వెలుగు నిష్పత్తి కనీసం 4.5:1 ఉండాలి. వేసవి ఎండలో, బస్టాండులో నిలబడి ఫోను చూసేవారికి ఈ నియమం అవసరం వెంటనే అర్థమవుతుంది. ప్రకటనలలో తేదీ వేసి సంవత్సరం వేయకపోవడం చిన్న లోపంగా కనిపించవచ్చు. 'ఈ నెల 15న సమావేశం' అన్న వాక్యం నాలుగేళ్ళ తరువాత కూడా ఎవరినో ఒకరిని మోసం చేస్తుంది. ఫోను నంబరును బొమ్మలో ఉంచితే దానిని నొక్కి ఫోను చేయడం కుదరదు. 'ఇక్కడ నొక్కండి' అన్న లంకెలు పదిచోట్ల ఉంటే తెర చదువరి వాడేవారికి ఏది ఎక్కడికి పోతుందో తెలియదు. లంకె మీద గమ్యం పేరే ఉండాలి. అవసరం లేకున్నా ఆధార్ నంబరు, పుట్టినతేదీ అడిగే ఫారాలు తరచుగా కనిపిస్తాయి. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, 2023 దృష్ట్యా పనికి కావలసినంత సమాచారమే అడగడం, దానిని ఎందుకు తీసుకుంటున్నారో చెప్పడం అవసరం.

పరీక్షించడం

పరీక్ష లేకుండా ప్రారంభించడం వలన కలిగే నష్టానికి ప్రసిద్ధ ఉదాహరణ అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా వెబ్‌సైటు. 2013 అక్టోబరు 1న ప్రారంభమైన ఆ వెబ్‌సైటులో మొదటిరోజు నమోదు పూర్తి చేయగలిగినవారు ఆరుగురే. పదుల సంఖ్యలో గుత్తేదారులు పనిచేసినా మొత్తం పనికి జవాబుదారీ ఎవరో స్పష్టంగా లేకపోవడం, అన్ని భాగాలనూ కలిపి పరీక్షించడాన్ని చివరి వారాలకు వదిలేయడం అందుకు కారణాలుగా తేలాయి. ధనం, నిపుణులు తక్కువై అది విఫలం కాలేదు.

తెలుగు లిపితో పరీక్షించకపోవడం పెద్ద సంస్థలను కూడా ఇబ్బంది పెట్టింది. 2018 ఫిబ్రవరిలో తెలుగులోని ఒక సంయుక్తాక్షర క్రమం సందేశంలో వస్తే ఐఫోన్లలోని కొన్ని అనువర్తనాలు కుప్పకూలేవి. ఆపిల్ సంస్థ అదే నెలలో 11.2.6 సంచికను విడుదల చేసి దానిని సరిచేసింది. వెబ్‌సైటు పరీక్షకు వాడే పదాలలో కూడా క్లిష్ట సంయుక్తాక్షరాలు, పొల్లుతో ముగిసే పేర్లు, బేస్తవారిపేట, త్రిపురాంతకం వంటి పొడవైన ఊరి పేర్లు ఉండాలి. చిన్న తెరపై బొత్తంలో ఇవి పట్టాయంటే మిగిలినవి పడతాయి.

ఐదుగురు సామాన్య వాడుకరులతో పరీక్షిస్తేనే ప్రధాన లోపాలలో ఎక్కువ భాగం బయటపడతాయని నీల్సన్ 2000లో సూచించాడు. వారు కార్యాలయంలోని సహోద్యోగులు కాకూడదు. ఒక రైతుకు, ఒక విద్యార్థికి, ఒక వృద్ధురాలికి ఫోను ఇచ్చి 'ఈ నెల ధర ఎంతో చూడండి' అని చెప్పి పక్కన మౌనంగా కూర్చోవాలి. చూపుడువేలు ఎక్కడ ఆగిందో గమనించాలి, దారి చూపించకూడదు. చూపించాలన్న కోరికను ఆపుకోవడమే ఇందులో కష్టమైన భాగం. పరీక్షకు వాడే ఫోను చవకదై ఉండాలి, కార్యాలయపు వైఫై ఆపివేయాలి. నల్లమల అంచు గ్రామాలలో, దోర్నాల నుండి శ్రీశైలం వెళ్ళే అడవిదారిలో సిగ్నలు బలహీనమైనచోట ముఖపుట తెరుచుకోవడానికి ఎంతసేపు పడుతుందో చూడడం నగరంలోని వేగపు కొలతల కంటే నమ్మదగిన పరీక్ష.

ప్రారంభం తరువాత

వెబ్‌సైటు ప్రారంభోత్సవంతో పని ముగిసిందని భావించడం వలన చాలా వెబ్‌సైట్లు మొదటి సంవత్సరంలోనే పాతబడతాయి. ఏటా డొమైను, సర్వరు రుసుములు, భద్రతా పత్రం పునరుద్ధరణ, సాఫ్ట్‌వేరు తాజాకరణలు, నకలు భద్రపరచడం తప్పనిసరి ఖర్చులు. 2018 జూలై నుండి క్రోమ్ బ్రౌజరు భద్రతా పత్రం లేని వెబ్‌సైట్లను సురక్షితం కానివిగా చూపుతున్నది. ఈ ఖర్చును మొదటి అంచనాలోనే మూడేళ్ళకు లెక్కకట్టడం మంచి పద్ధతి.

తాజాకరణకు మనిషిని పేరుతో కాక హోదాతో నియమించాలి. ఉద్యోగి బదిలీ అయినప్పుడు పని ఆగిపోదు. ఆ వ్యక్తి ప్రోగ్రామింగు తెలిసినవాడు కానక్కరలేదు. ధరల పట్టికలో ఒక అంకె మార్చడానికి, పాత ప్రకటన తీసివేయడానికి అతనికి రూపకర్త సాయం అవసరం పడకూడదు. ఈ చిన్న మార్పులను యజమాని స్వయంగా చేసి చూపిన తరువాతనే చివరి వాయిదా చెల్లించాలని ఒప్పందంలో రాసుకుంటే, శిక్షణ కాగితంపై మిగిలిపోకుండా జరుగుతుంది.